“వాని పక్కన నేను కూసోనమ్మా!”

సాయంత్రం నాలుగున్నర దాటాక గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూలులో గానీ ఏ వాకిట్లో నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. సంచీ గడపలో పడేసి, కాళ్ళైనా కడుక్కోకుండా పిల్లవాడు మొదలెడతాడు. “నా పెన్సిలు ఇరగ్గొట్టిండు. నన్ను నూకిండు. టీచరుకు చెప్తే బయట చూస్కుంటా అన్నడు. రేపట్నించి వాని పక్కన కూసోను.” మీరేమో పొయ్యి మీద పాలు పెట్టుకుని, పొంగుతాయేమోనని ఒక కన్ను అటు వేసి, “అయితే కూసోకు. వానితోటి మాట్లాడకు. ఆ కాలనీ పిల్లలే అంత” అనేస్తారు. పాలు పొంగకుండా దించుకుంటారు. అన్న మాట మాత్రం పిల్లవాడి వెంట మర్నాడు బడికి వెళుతుంది.

మన పిల్లల సంగతి ఎప్పుడూ మాట్లాడుకునేదే. ఈ వారం ఆ పక్క బెంచీ పిల్లవాడి సంగతి చూద్దాం. 2016లో పాలమూరు నుంచి ఈ మూడూ వేరు వేరు జిల్లాలుగా విడిపోయాయి గానీ, ఈ తగాదాకి జిల్లా సరిహద్దులు లేవు. సర్కారు బడిలోనూ ఉంది, ఫీజు కట్టే బడిలోనూ ఉంది.

ఇంతకీ ఎవరా పిల్లవాడు? ఎందుకలా ఉంటాడు?

కృష్ణా తుంగభద్రల నడుమ నేలను నడిగడ్డ అంటారని ఈ వైపు వారికి నేను చెప్పనక్కర్లేదు. గద్వాల చీరకి ఎంత పేరుందో, నడిగడ్డలో పండే పత్తి విత్తనానికీ అంత పేరుంది. పత్తి కాదు, పత్తి విత్తనం. హైబ్రిడ్ విత్తనం చేనులో ఊరికే కాయదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే చూసి పట్టుకుని, పూరేకులు, లోపలి కేసరాలు గోటితో తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి, దాని పుప్పొడి ఈ పువ్వుకి అద్దాలి. ఒక పువ్వుకి కాదు, చేను చేనంతా, ఒక్కొక్క పువ్వుకీ చేత్తోనే, వారాల తరబడి. దీన్నే క్రాసింగ్ అంటారు. సాయంత్రం పనీ ఉంది, పొద్దుటి పనీ ఉంది. బడికి వెళ్ళే వేళ ఎక్కడ మిగిలింది చెప్పండి? చిన్న వేళ్ళయితే మొగ్గ నలగదని, పిల్లలైతే చెట్టు ఎత్తుకి సరిగ్గా ఉంటారని చెప్పుకుంటారు. అసలు కారణం పిల్లల కూలి తక్కువ కావడం. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనరు.

2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోరాదు. సొంత ఇంటి పనిలో, సొంత చేలో సాయం చెయ్యవచ్చు గానీ, అది బడి వేళ దాటాకనో, సెలవుల్లోనో. చట్టం అలా ఉన్నా, వానాకాలం నడుమ బడి మానేసి దసరా దాటాక తిరిగొచ్చే పిల్లలు ఈ తట్టు ఇంకా ఉన్నారు.

ఆ పిల్లవాడు తిరిగొచ్చేసరికి ఏముంటుంది? వాడు వెళ్ళినప్పుడు కూడికలూ తీసివేతలూ చెబుతున్న టీచరు ఇప్పుడు భిన్నాల్లో ఉంటుంది. వాడి చోట్లో ఇంకెవరో కూర్చుని ఉంటారు. నోటుబుక్కులో సగం పేజీలు ఖాళీ. లేపి అడిగితే వాడికి రాదు. క్లాసంతా పక్కున నవ్వుతుంది. ఒకసారి నవ్వించుకున్నాక, రెండోసారి ఎవరైనా నవ్వితే వాడు చెయ్యి లేపుతాడు. తెలివి లేనివాడు అనిపించుకోవడం కన్నా రౌడీ అనిపించుకోవడమే నయమని పిల్లలు లెక్క వేసుకుంటారు. ఆ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. పెద్దవాళ్ళం మనమూ వేసుకుంటాం.

వనపర్తి, నాగర్‌కర్నూలు తట్టు కథ మరో రకం. పాలమూరు కూలీలంటే దేశమంతా పేరే. మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని గుంపులు గుంపులుగా వెళ్ళి ఎక్కడెక్కడి డ్యాములో, కాలువలో, రోడ్లో కట్టివచ్చిన జిల్లా ఇది. తల్లీ తండ్రీ ముంబయి, పుణె పోతే పిల్లవాడు అవ్వ దగ్గర ఉంటాడు. అవ్వకి చూపానదు. హోంవర్కు చూసేవారు లేరు, గోళ్ళు తీసేవారు లేరు, తల దువ్వేవారు లేరు. లేదంటే వాళ్ళ వెంటే వెళ్ళి, ఏడాది నడుమ తిరిగొస్తాడు. నోటినిండా హిందీ ముక్కలు. నడిగడ్డలో అయితే రాయచూరు తట్టు నుంచి వచ్చిన పిల్ల కన్నడం కలిపి మాట్లాడుతుంది. మన పిల్లలు ఆ మాటను వెక్కిరిస్తూ తిరిగి అంటారు. అది దెబ్బ కాదు కనుక ఇంటికొచ్చి ఎవరూ చెప్పరు.

అలాగని పేదింటి పిల్లలే పేచీకోరులని అనుకుంటే పొరపాటు. ఇల్లూ వాకిలీ ఉన్నవారి పిల్లల్లోనూ బాక్సు లాక్కునేవాళ్ళు, గిచ్చేవాళ్ళు, పేర్లు పెట్టేవాళ్ళు కావలసినంతమంది. తేడా ఒకటే. వాళ్ళు చేస్తే “చిలిపి” అంటాం, వీళ్ళు చేస్తే “ఆ కాలనీ పిల్లలే అంత” అంటాం. ఇంట్లో తండ్రి తాగి గొడవ చేస్తే, కొత్తగా తమ్ముడు పుడితే, చెవిలో చీము పట్టి టీచరు మాట సరిగా వినపడకపోతే ఎవరి పిల్లలైనా చిరచిరలాడతారు. వినపడని పిల్లవాణ్ణి మొండివాడని కొట్టే బళ్ళకి మన దగ్గర కొదవ లేదు.

ఇదంతా సరేనండీ, మా వాడి పెన్సిలు విరిగింది కదా అంటారు. అనండి, తప్పు లేదు. వాడి కష్టం తెలుసుకున్నంత మాత్రాన మన పిల్లవాడు దెబ్బలు తినాలని ఏమీ లేదు. కాకపోతే “వాని పక్కన కూసోకు” అన్న మాట ఎంత దూరం పోతుందో ఒకసారి చూడండి. ఇవాళ మీరు అంటారు, రేపు పక్కింటావిడ అంటుంది. వారం తిరిగేసరికి వాడు చివరి బెంచీలో ఒంటరిగా ఉంటాడు. అక్కడి నుంచి బడి గేటు ఎంతో దూరం లేదు. గేటు దాటితే పత్తి చేను, కాకపోతే మేస్త్రీ గుంపు. బాలకార్మికుల్ని పని మాన్పించి బడిలో వేయించడానికి మన శాంతా సిన్హా గారు చేసిన కృషికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే లెక్క అని ఆమె సంస్థ, ఎం.వి. ఫౌండేషన్, మొదటినుంచీ అంటూ వచ్చింది. పిల్లవాణ్ణి చేనులోంచి బడి గేటు దాకా తీసుకురావడానికి ఎవరో ఒకరు కష్టపడతారు. గేటు లోపల వాడు నిలుస్తాడా లేదా అన్నది పక్కన కూర్చున్న పిల్లల చేతుల్లోనూ ఉంది.

“టీచరమ్మతో చెప్పి వాణ్ణి బడిలోంచే తీసేయిస్తాను” అనేవారు కూడా ఉన్నారు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి వెళ్ళగొట్టరాదు. బడి మానేసి తిరిగొచ్చిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. కొట్టడం నిషేధం. అంటే పదేళ్ళవాడు ఐదో తరగతిలో కూర్చుంటాడు, రెండో తరగతి లెక్కలు రాకుండానే. ఆ విడిగా చెప్పే పాఠం సరిగా జరగనిచోటే ఈ గొడవలన్నీ. కనుక టీచరుని అడగదలిస్తే “వాణ్ణి తీసెయ్యండి” అని కాదు, “వాడికి విడిగా చెబుతున్నారా?” అని అడగండి. ఇక మన పిల్లవాడికే టీసీ తీసుకుని ఇంకో బడిలో వేద్దామా అంటారా? అక్కడా పక్క బెంచీ ఉంటుంది కదండీ.

సరే, ఇంట్లో మనం చెయ్యగలిగింది చూద్దాం. పిల్లవాడు ఏడుస్తూ వస్తే మొదట నాలుగు మెతుకులు తిననివ్వండి. తర్వాత అడగండి. “ఏమైంది?” అన్నది సగం ప్రశ్నే. “అంతకు ముందు ఏమైంది? అప్పుడు నువ్వేమన్నవు?” అన్నది మిగతా సగం. పోలీసు అడిగినట్టు కాదు, పల్లీలు ఒలుస్తూనో, చిక్కుడుకాయ ఈనె తీస్తూనో అడగాలి. చేతులు పనిలో ఉంటే పిల్లల నోరు తేలిగ్గా కదులుతుంది. అప్పుడు బయటపడుతుంది, “అందరం వాణ్ణి పత్తోడు అంటమమ్మా” అని. లేదా “బొంబాయోడు” అని. పెన్సిలు కథకి మొదటి అధ్యాయం అదన్నమాట. వెంటనే “అయితే తప్పు నీదే” అనకండి. రేపట్నించి వాడు మీకేమీ చెప్పడు. “నిన్ను అట్ల పిలిస్తే నీకెట్లుంటది?” అని వదిలెయ్యండి. ఒక పూట దాన్ని మనసులో నాననివ్వండి.

మాటలు నేర్పించాలి. మనం పిల్లలకి ఎక్కాలు నేర్పిస్తాం, శ్లోకాలు నేర్పిస్తాం, పేచీ వస్తే ఏమనాలో మాత్రం నేర్పం. “నా పెన్సిలు నాకియ్యి. కావాల్నంటే అడిగి తీస్కో.” ఇంతే. ఏడవకుండా, తిట్టకుండా, ఎదుటివాడి మొహం చూసి ఒకసారి గట్టిగా అనడం. వినకపోతే అక్కణ్ణించి లేచి టీచరు దగ్గరికి వెళ్ళడం. ఇది ఇంట్లో ఆడించి చూడండి. మీరు ఆ అల్లరి పిల్లవాడు, మీవాడు మీవాడే. మొదటి రోజు నవ్వుతాడు, రెండో రోజు అంటాడు. రెండు మూడు సార్లు ఆడాక బాధ్యత మార్చండి. మీవాణ్ణే ఆ పిల్లవాడిగా ఉండమనండి. వాడి నోటి నుంచి వచ్చే మాటలు వింటే ఆశ్చర్యపోతారు. ఆ పిల్లవాడి కోపం వాడికి మనకన్నా బాగా తెలుసు.

ఒకరిని తిట్టించడానికి చెప్పేది చాడీ. తనకి గానీ, ఇంకొకరికి గానీ దెబ్బ తగలకుండా చెప్పేది సాయం అడగడం. ఈ తేడా ఐదేళ్ళ పిల్లకి కూడా చెబితే అర్థమవుతుంది. చెప్పకపోతే మాత్రం “చాడీలు చెప్పకు” అని మనం పదిసార్లు కసిరిన పిల్లలు నిజంగా ఆపద వచ్చిన రోజున కూడా నోరు విప్పరు.

నాన్నల మాట ఒకటుంది. “నువ్వూ నాలుగు తగిలించి రా, మగపిల్లగాడివి కాదా” అని. దెబ్బకి దెబ్బ అంటే మనవాడు గెలిస్తే వాళ్ళ అన్న వస్తాడు, ఓడితే మనవాడు బడికి పోనంటాడు. ఇక అమ్మల మాట ఇంకొకటి. “పాపం, వాడితో మంచిగ దోస్తీ చెయ్యి” అని. ఇది వినడానికి బాగుంటుంది గానీ పిల్లల మీద పెద్ద బరువు. దోస్తీ ఒకరు చెప్తే అయ్యేది కాదు. కర్నూలు బస్సెక్కితే పక్కన ఎవరో కూర్చుంటారు. వాళ్ళతో మనకి చుట్టరికం లేదు. కాస్త జరిగి చోటిస్తాం, మన సంచీ మన ఒళ్ళో పెట్టుకుంటాం, వాళ్ళ మీద కాలు పడితే అయ్యో అంటాం. అంతే కదా! బెంచీ మీదా అంత చాలు. అది కుదిరాక దోస్తీ అయితే అవుతుంది, కాకపోతే లేదు.

ఇప్పుడు టీచరమ్మలు చెయ్యదగ్గది ఒకటి చెబుతాను. చదివేవారిలో టీచరమ్మలూ ఉంటారు కదా. 1971లో అమెరికాలోని ఆస్టిన్ పట్నంలో, అంతదాకా వేరు వేరు బళ్ళలో చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లల్ని ఒకే బడిలో కూర్చోబెట్టారు. తగవులు లేచాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చి చూశాడు. ఉపదేశాలు ఏమీ ఇవ్వలేదు. పిల్లల్ని చిన్న చిన్న జట్లు చేసి, పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చాడు. ఎవరి ముక్క వాళ్ళు నేర్చుకుని మిగతావారికి చెప్పాలి. పరీక్ష మాత్రం అందరికీ పాఠమంతా మీద. ఇంగ్లీషు సరిగా రాని ఒక కుర్రవాడు తన ముక్క చెప్పలేక తడబడితే మొదట నవ్వారు. నవ్వితే తమకే ఆ ముక్క రాదని తెలిశాక, నెమ్మదిగా అడిగి అడిగి వాడి నోట చెప్పించుకున్నారు. వాడు మందబుద్ధి ఏమీ కాదని అప్పుడు తెలిసింది వాళ్ళకి.

మన బడిలో ఇదెలాగంటారా? సైన్సులో పువ్వు పాఠం వస్తుంది. ఆకర్షక పత్రాలు, కేసరాలు, అండకోశం, కీలాగ్రం, పరాగ సంపర్కం. పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టే పాఠం. క్రాసింగ్‌కి వెళ్ళొచ్చిన పిల్లవాడు ఇవన్నీ పేర్లు తెలియకుండానే వేళ్ళతో చేసి ఉంటాడు. ఒక మందార పువ్వు తెచ్చి వాడి చేతికివ్వండి. మందారా, బెండా, పత్తీ ఒకే కుటుంబం. లోపలి అమరిక ఒకటే. “కేసరాలు ఎట్ల తీస్తరు? పుప్పొడి ఎక్కడ అద్దుతరు?” అని అడగండి. క్లాసులో మరెవరికీ రానిది వాడు చూపిస్తాడు. వాడు చేనుకి వెళ్ళడం మంచిదని నేను అనడం లేదు. వెళ్ళి పోగొట్టుకున్న నెలలకి బదులుగా తెచ్చుకున్న ఆ ఒక్క విద్యనీ వెక్కిరింపుగా మార్చకండి అంటున్నాను. పత్తోడు అన్న పేరు ఆ రోజు నుంచి అంత సులువుగా నోటికి రాదు.

ఆడపిల్లల తగవు వేరు. వాళ్ళు నూకరు, గిచ్చరు. కటీఫ్ అంటారు. ఒక పిల్ల “దానితో ఎవ్వరూ మాట్లాడొద్దు” అంటే చాలు, ఆరుగురు మూతి తిప్పుకుంటారు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, గురుకులాల్లో అయితే ఇది మరీ కష్టం. సాయంత్రం ఇంటికొచ్చే దారి లేదు. తినేచోటా పడుకునేచోటా ఆ మూతులే. షికాగోలో వివియన్ పేలీ అనే టీచరు తన చిన్నపిల్లల క్లాసులో ఒకే ఒక్క నియమం పెట్టింది: “నువ్వు ఆడరాదు” అని ఎవరూ ఎవరితోనూ అనరాదు. పిల్లలు ఎన్ని వాదనలు చేశారో, చివరికి ఎలా ఒప్పుకున్నారో 1992లో పుస్తకం రాసింది. హాస్టల్లో బిడ్డని చూడటానికి వెళ్ళినప్పుడు పల్లీ ఉండలు కట్టుకుని వెళతారు కదా, “నీ దోస్తులకి పెట్టు” అనకుండా “మీ రూములో అందరికీ పెట్టు” అనండి. కటీఫ్ చేసిన పిల్లా, చేయించుకున్న పిల్లా ఇద్దరూ అందులో ఉంటారు. పది ఉండలకి బదులు ఇరవై కట్టాలి, బెల్లం పాకం కాస్త గట్టిగా పట్టండి, వారం నిలుస్తాయి.

ఓర్చుకోకూడనివీ ఉన్నాయి, అవి కూడా చెప్పుకోవాలి. రక్తం కారే దెబ్బ, బ్లేడు చూపించడం, రోజూ డబ్బులు తెమ్మనడం, ముట్టుకోరాని చోట ముట్టుకోవడం. వీటికి సర్దుబాటు లేదు. బడి వేళకే కడుపు నొప్పి వస్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా ఏదో ఉందని అర్థం. అప్పుడు తేదీతో సహా కాగితం మీద రాసి హెడ్మాస్టరు గారికి ఇవ్వండి. నోటితో చెప్పింది గాలికి పోతుంది. 2024 నుంచి సర్కారు బళ్ళకి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు, మహిళా సంఘాల వారే వాటిలో ముందున్నారు. ఆ కమిటీ ఉన్నది గోడలకి రంగులు చూడటానికి మాత్రమే కాదు. ఇంకా అవసరమైతే పిల్లల కోసం 1098 నెంబరుంది. డబ్బులు పడవు. కొట్టించుకున్న పిల్లకే కాదు, చేనుకి పంపబడుతున్న పిల్లకీ అదే నెంబరు.

మీరు చెయ్యకూడని పని ఒకటుంది. చీర కొంగు దోపుకుని ఆ పిల్లవాడి ఇంటి మీదికి వెళ్ళకండి. వీధిలో నాలుగు మాటలంటే ఆ రాత్రి వాడి తండ్రి వాణ్ణి బాదుతాడు. ఆ దెబ్బల బాకీ మర్నాడు మీవాడి దగ్గర వసూలవుతుంది.

వాడి తల్లిని కలవాలనుకుంటే వేరే చోట్లు లేవా? రేషను షాపు వరసలో ఉంటుంది, సంఘం మీటింగులో ఉంటుంది, బతుకమ్మ దగ్గర తంగేడు పువ్వు అందుకుంటూ ఉంటుంది. బహుశా మీ సంఘంలోనే అప్పు కడుతూ ఉంటుంది, ఆమె కొడుకే ఆ పిల్లవాడని మీకు తెలియదంతే. పెన్సిలు మాట ఎత్తకండి. “మావోడు, మీవోడు ఒకే బెంచీ అంట గదా అక్కా” అనండి. ఆమె మొదట బెదురుతుంది, మీరు దేనికొచ్చారోనని. కాసేపు ఆగండి. తన కొడుకు ఎన్నాళ్ళు బడికి రాలేదో, ఎందుకు రాలేదో ఆమే చెబుతుంది.